తేలికపాటి కవచ వాహనం మీద ఏ ఆయుధం బిగించాలి? మెషిన్ గన్, గ్రెనేడ్ లాంచర్, క్షిపణి: ఒక పోలిక

ప్రశ్న: బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఒక ఇంజినీరింగ్ కళాశాలలో మెకానికల్ విభాగంలో పాఠాలు చెబుతుంటాను. ఈ ఏడాది మా చివరి సంవత్సరం విద్యార్థులు సెమినారుకు తేలికపాటి కవచ వాహనాలను అంశంగా తీసుకున్నారు. కవచం మందం, ఇంజన్ శక్తి, సస్పెన్షన్ లెక్కలు చక్కగా వేశారు. పైన ఏ ఆయుధం బిగించాలన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం చర్చ "ఎంత పెద్దదైతే అంత మేలు" అన్న మాట దగ్గర నిలిచిపోయింది. ఆ మాటను వాళ్లు లెక్కతో పరీక్షించాలని నా కోరిక.

నాకు ఈ ఆలోచన రావడానికి ఒక కారణం ఉంది. 2021 మార్చిలో రక్షణ మంత్రిత్వ శాఖ మహీంద్రా డిఫెన్స్ సిస్టమ్స్‌తో 1,300 తేలికపాటి ప్రత్యేక వాహనాల కోసం 1,056 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకుంది. ఆ వాహనాలు మీడియం మెషిన్ గన్‌లను, ఆటోమేటిక్ గ్రెనేడ్ లాంచర్లను, ట్యాంకు విధ్వంసక క్షిపణులను మోయడానికి వివిధ దళాలకు ఇస్తామని అప్పటి ప్రకటనలోనే ఉంది. ఒకే బండికి మూడు వేర్వేరు ఆయుధాలను అనుకున్నారంటే, వాటిలో ఏ ఒక్కటీ మిగతా రెండింటి పని చేయలేదనే కదా అర్థం.

కాబట్టి నా ప్రశ్న ఇది. నాలుగు చక్రాలు, అయిదు నుంచి ఏడు టన్నుల బరువు, రైఫిల్ తూటాలను ఆపగలిగినంత కవచం ఉన్న వాహనం ఒకటి ఉందనుకుందాం. దాని మీద 12.7 మి.మీ. మెషిన్ గన్, 14.5 మి.మీ. మెషిన్ గన్, 30 లేదా 40 మి.మీ. గ్రెనేడ్ లాంచర్, క్షిపణి, వీటిలో ఒకదానిని ఎంచుకోవాలంటే ఏ లెక్కతో ఎంచుకోవాలి? మన పొరుగున మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారయ్యే బీఎంపీ-2 అనే పదాతిదళ పోరాట వాహనం మీద ఉన్న 30 మి.మీ. ఫిరంగినే దీని మీదా ఎందుకు పెట్టకూడదని ఒక విద్యార్థి అడిగాడు. ఆ అబ్బాయికి అంకెలతో సహా సమాధానం చెప్పాలని ఉంది.

సమాధానం: మాజీ సైనికుడు, పటమట, విజయవాడ

మాస్టారికి నమస్కారం. నేను సైన్యంలో యాంత్రిక పదాతిదళంలో పనిచేసి విరమణ పొందినవాడిని. ఆయుధం ఎంపికలో మొదట అడగవలసింది "ఎదురుగా ఏముంది" అన్న ప్రశ్న. ఎదుట మనుషులు, లారీలు, ఇసుక బస్తాల మోర్చాలు ఉంటే ఒక జవాబు, ట్యాంకు ఉంటే మరొక జవాబు వస్తుంది. తేలికపాటి వాహనం రోజూ చేసే పని మొదటి రకానిదే. గస్తీ తిరగడం, కాన్వాయ్‌కి కాపలా ఉండటం, ముందుకు పోయి చూసి రావడం అన్నవి ట్యాంకులను వేటాడే పనులు కావు.

అయినా తేలికపాటి బండి ట్యాంకును పడగొట్టగలదని మన సైన్యమే చూపించింది. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో 4 గ్రెనేడియర్స్‌కు చెందిన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్, జీపు మీద బిగించిన 106 మి.మీ. రికాయిల్‌లెస్ గన్‌తో పాటన్ ట్యాంకులను ధ్వంసం చేసి ప్రాణాలర్పించారు. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర ప్రకటించారు. జీపు అంతటి బండి అంత లావు గొట్టాన్ని ఎలా మోసిందని విద్యార్థులు తప్పక అడుగుతారు. ఆ గన్‌లో మందుగుండు వాయువులు చాలా భాగం వెనుక నుంచి బయటికి పోతాయి కనుక బండి మీద పడే వెనుక తన్ను దాదాపు ఉండదు. దానికి చెల్లించే మూల్యం కూడా అక్కడే ఉంది. పేల్చిన ప్రతిసారీ వెనుక నుంచి మంట, ధూళి పెద్దగా లేస్తాయి, శత్రువుకు మన చోటు తెలిసిపోతుంది, వెంటనే స్థలం మారాలి. హమీద్ గారు చేసినది అదే. చెరకు చేలలో మాటు వేయడం, దగ్గరగా వచ్చేవరకు ఆగడం, కొట్టడం, కదలడం. అక్కడ గొట్టం వ్యాసం ఎంత ముఖ్యమో ఆ చోటు ఎంపిక, ఆ ధైర్యం అంతకంటే ముఖ్యం.

ఈ రోజు ఆ స్థానంలో క్షిపణి వచ్చింది. హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ లైసెన్సుతో తయారు చేసిన మిలాన్ రెండు కిలోమీటర్లు, కాంకుర్స్ నాలుగు కిలోమీటర్లు పోతాయి. మిలాన్ రెండు కిలోమీటర్ల దూరం చేరడానికి పన్నెండున్నర సెకన్ల దాకా పడుతుంది. అంతసేపూ గన్నర్ గురిని లక్ష్యం మీదే నిలిపి ఉంచాలి, బండి కదలకూడదు. రైఫిల్ తూటాకు మాత్రమే ఆగే కవచం ఉన్న బండిలో, ఎదుటివాడు చూస్తున్నాడని తెలిసీ అంతసేపు నిలబడటం ఎంత కష్టమో చదివి తెలుసుకునేది కాదు. పైగా కాంకుర్స్ గొట్టంతో సహా ఒక్కొక్కటి 25 కిలోల పైన ఉంటుంది. బండిలో నాలుగైదు పెట్టుకుంటారు, అవి అయిపోతే ఆ బండి నిరాయుధమే. అందుకే క్షిపణి వాహనాన్ని ఎప్పుడూ ఒంటరిగా పంపరాదు, పక్కన మెషిన్ గన్ బండి ఉండాలి.

మరొక విషయం పుస్తకాలలో తక్కువగా కనిపిస్తుంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. గొట్టం ఎంత పైకి లేస్తుందో చూడండి. సోవియట్ కవచ వాహనం బీటీఆర్-60 టరెట్‌లోని (పైన తిరిగే తుపాకీ గదిలోని) 14.5 మి.మీ. కేపీవీటీ గన్ చాలా శక్తిమంతమైనది, కాని అది 30 డిగ్రీలకు మించి లేచేది కాదు. అఫ్గానిస్తాన్ లోయలలో కొండ మీది నుంచి కాల్పులు వస్తుంటే ఆ గన్ జవాబు చెప్పలేకపోయింది. తరువాత వచ్చిన బీటీఆర్-80లో దానిని 60 డిగ్రీలకు పెంచారు. మన సరిహద్దులలో ఎక్కువ భాగం కొండలే. పైకి చూడలేని పెద్ద తుపాకీ కంటే పైకి చూడగల చిన్న తుపాకీ నాకు మేలు.

సమాధానం: లారీ బాడీ బిల్డర్, ఆటోనగర్, విజయవాడ

మాస్టారూ, పటమట వారు యుద్ధభూమి వైపు నుంచి చెప్పారు. నేను ఛాసిస్ వైపు నుంచి చెబుతాను. నేను తుపాకులను తయారు చేసేవాడిని కాను. ఒక ఛాసిస్ మీద ఎంత బరువు, ఎంత ఎత్తున పెడితే ఏమవుతుందో మాత్రం రోజూ చూస్తుంటాను. మీ విద్యార్థి అడిగిన 30 మి.మీ. ప్రశ్నకు అంకెలతోనే సమాధానం చెప్పవచ్చు.

12.7 మి.మీ. తూటా దాదాపు 45 గ్రాములు, సెకనుకు దాదాపు 890 మీటర్ల వేగంతో బయటపడుతుంది. ద్రవ్యవేగం, అంటే కిలోలలో బరువును సెకనుకు మీటర్లలో వేగంతో గుణిస్తే వచ్చేది, 40, శక్తి దాదాపు 18 కిలోజౌళ్లు. 14.5 మి.మీ. తూటా 64 గ్రాములు, వేగం దాదాపు 1,000 మీటర్లు, కనుక ద్రవ్యవేగం 64, శక్తి 32 కిలోజౌళ్లు. బీఎంపీ-2 మీది 2ఏ42 ఫిరంగి గుండు దాదాపు 390 గ్రాములు, వేగం 960 మీటర్లు, అంటే ద్రవ్యవేగం 370 పైన, శక్తి 180 కిలోజౌళ్లు. వాయువుల వాటా దీనికి అదనం. బండిని వెనక్కి తన్నేది ద్రవ్యవేగమే కనుక, 12.7తో పోలిస్తే ప్రతి గుండుకూ తొమ్మిది రెట్లు ఎక్కువ తన్ను పడుతుందన్నమాట.

ఇక్కడ చాలామంది "బండి తిరగబడుతుంది" అంటారు. లెక్క వేస్తే అలా రాదు. నిమిషానికి 300 గుండ్ల చొప్పున సెకనుకు అయిదు పేలిస్తే సగటు బలం 1,900 న్యూటన్ల దరిదాపుల్లో ఉంటుంది. రెండున్నర మీటర్ల ఎత్తున ఆ బలం పక్కకు పనిచేస్తే దాని మలుపు (బండిని తిప్పే ప్రభావం, అంటే టార్క్) దాదాపు 4,700 న్యూటన్ మీటర్లు. ఆరు టన్నుల బండి, చక్రాల మధ్య రెండు మీటర్ల వెడల్పు ఉంటే తిరగబడకుండా పట్టి ఉంచే మలుపు దాదాపు 59,000. కనుక బండి తిరగబడదు. కాని కమాన్ కట్టల మీదో కాయిల్ స్ప్రింగుల మీదో ఊగుతుంది, మొదటి గుండు తరువాత రెండవది పోయేలోపు గురి చెదిరిపోతుంది. బీఎంపీ-2 పద్నాలుగు టన్నుల బరువుతో, గొలుసు పట్టాల మీద, నేలకు ఆనుకొని కూర్చుంటుంది కనుక ఆ తన్నును మింగుకుంటుంది. అదే ఫిరంగిని ఆరు టన్నుల బండి మీద పెడితే గుండ్లు పోతాయి, లక్ష్యానికి తగిలేవి తగ్గిపోతాయి.

రెండవది బరువు. 2ఏ42 ఒక్కటే 115 కిలోలు. దానికి టరెట్, తిప్పే మోటార్లు, గుండ్ల పెట్టెలు, వీటన్నిటినీ మోయడానికి పైకప్పుకు బలం చేర్చాలి. 30 మి.మీ. గుండు ఒక్కొక్కటి 800 గ్రాముల పైన, 12.7 తూటా 120 గ్రాముల లోపు. మందుగుండుకు మీరు వంద కిలోలు కేటాయిస్తే ఒక దానిలో 120 గుండ్లు వస్తాయి, మరొక దానిలో లింకులు, పెట్టెలు పక్కన పెడితే 800కు పైగా తూటాలు వస్తాయి. పైకప్పు మీద చేర్చిన ప్రతి కిలో గురుత్వ కేంద్రాన్ని పైకి లాగుతుంది కనుక మలుపుల్లో, కాలువ గట్ల మీద బండి నడిపేవాడికి అది వెంటనే తెలుస్తుంది.

గ్రెనేడ్ లాంచర్ లెక్క మాత్రం వింతగా ఉంటుంది. అమెరికా ఎంకే 19 లాంచర్ పేల్చే 40 మి.మీ. గ్రెనేడ్ దాదాపు పావుకిలో, వేగం సెకనుకు 240 మీటర్లే. ద్రవ్యవేగం 60 దాకా వస్తుంది, అంటే 14.5 తూటాకు దగ్గరగా. గొట్టం దాటేటప్పుడు దాని శక్తి మాత్రం ఏడు కిలోజౌళ్లే. అది పనిచేసేది వేగంతో కాదు, లోపలి పేలుడు పదార్థంతో. అందుచేత తేలికైన బండి మీద పేలుడు శక్తి కావాలంటే ఫిరంగి కంటే గ్రెనేడ్ లాంచర్ తక్కువ ఖర్చుతో, తక్కువ బరువుతో ఆ పని చేస్తుంది. లాంచర్ 35 కిలోలే, కాని 48 గ్రెనేడ్ల పెట్టె 28 కిలోల దాకా ఉంటుందని మరచిపోకండి.

నడిమి దారి ఒకటి ఉంది. అపాచీ హెలికాప్టర్ ఫిరంగి నుంచి పుట్టిన 30×113 మి.మీ. గన్ (రెండవ అంకె తూటా తొడుగు పొడవు). దాని గుండు తేలిక, వేగం తక్కువ, వెనుక తన్ను 2ఏ42లో దాదాపు సగం. డ్రోన్లను కూల్చడానికి అమెరికా సైన్యం దీనిని ఎం-ఏటీవీ వంటి వాహనాల మీద బిగించింది. అయితే ఆ వాహనం మీరు చెప్పిన ఏడు టన్నులకంటే చాలా బరువైనది.

సమాధానం: దృక్‌సాధనాల ఇంజినీరు, మచిలీపట్నం

ఆటోనగర్ వారి లెక్క నాకు ఎంతో నచ్చింది. కాని ఇంతవరకు ఎవరూ చూపు గురించి మాట్లాడలేదు. మా ఊరిలో 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ వెలిసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి, ఇప్పుడు రాత్రి చూపు పరికరాలు తయారు చేస్తోంది. ఈ ఊరిలో పెరిగిన నాకు తుపాకీ కంటే ముందు దాని మీది కన్ను కనిపించడం సహజమే.

విజయవాడ వారికి దూరం కళ్లకు కట్టాలంటే ప్రకాశం బ్యారేజీని తలచుకోండి. దాని పొడవు 1,223 మీటర్లు. 12.7 మి.మీ. మెషిన్ గన్ పనిచేసే దూరం దాదాపు 1,800 మీటర్లు, అంటే బ్యారేజీ ఒకటిన్నర రెట్లు. సీతానగరం వైపు గట్టున నిలబడి విజయవాడ వైపున్న మనిషిని కంటితో పోల్చుకోగలరా? తుపాకీ చేరే దూరానికి చూపు చేరకపోతే మిగిలిన దూరం కాగితం మీదే ఉంటుంది.

గ్రెనేడ్ లాంచర్‌కు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. కిలోమీటరు దూరానికి మెషిన్ గన్ తూటా రెండు సెకన్లలోపే చేరుతుంది, గ్రెనేడ్‌కు నాలుగు సెకన్లకు పైనే పడుతుంది, అది కూడా ఎత్తుగా వంపు తిరిగి దిగుతుంది. దూరాన్ని యాభై మీటర్లు తప్పుగా అంచనా వేస్తే తూటా ఇంకా లక్ష్యం మీదే పడవచ్చు, గ్రెనేడ్ మాత్రం ముందో వెనుకో పడుతుంది. కనుక దూరం కొలిచే లేజర్ రేంజ్ ఫైండర్, దానిని బట్టి గొట్టాన్ని లేపే చిన్న కంప్యూటర్ ఉంటేనే గ్రెనేడ్ లాంచర్ నిజమైన ఆయుధమవుతుంది. అవి లేకుంటే ఒకటి వేసి, పడిన చోటు చూసి, సరిచేసి మళ్లీ వేయాలి. ఎదుటివాడికి దాక్కోవడానికి ఆ వ్యవధి చాలు.

నా అభిప్రాయంలో ఆయుధాల మధ్య తేడాకంటే ఆ ఆయుధాన్ని మనిషి పైకి లేచి పేలుస్తున్నాడా, లోపల కూర్చొని తెర మీద చూస్తూ పేలుస్తున్నాడా అన్న తేడా పెద్దది. ఇరాక్‌లో అమెరికా హమ్వీ వాహనాల పైకప్పు నుంచి లేచి నిలబడిన గన్నర్లు ఎందరో గాయపడ్డారు, మరణించారు. అందుకే అమెరికా సైన్యం క్రోస్ అనే రిమోట్ వెపన్ స్టేషన్లను వేల సంఖ్యలో బిగించుకుంది. స్థిరీకరణ ఉన్న స్టేషన్ మీది 12.7 గన్, బండి గుంతల్లో పోతున్నా గురి మీద నిలుస్తుంది. చేతితో పట్టుకొని పేల్చే 14.5 గన్ నిలవదు. చిన్నదే గెలుస్తుంది.

దీనికి లోపాలు లేవని అనను. తెర మీది చూపు ఇరుకైనది, పక్కనుంచి వచ్చేవాడు కనిపించడు. తూటాలు అయిపోతే చాలా నమూనాలలో మనిషి బయటికి లేచి పెట్టె మార్చక తప్పదు. వేడి తేడాను బట్టి చూపే థర్మల్ కెమెరా కూడా అన్నివేళలా ఒకేలా పనిచేయదు. మే నెలలో రెంటచింతల ఎండలో రాళ్లు, నేల, మనిషి శరీరం ఒకే ఉష్ణోగ్రతకు చేరుకునే సమయాలు ఉంటాయి, అప్పుడు మనిషి నేలలో కలిసిపోతాడు. అందుకని థర్మల్‌తోపాటు మామూలు పగటి కెమెరా కూడా తప్పనిసరి. విద్యార్థులు బరువుల పట్టిక వేసేటప్పుడు ఈ పరికరాల బరువు, బ్యాటరీల మీద పడే భారం కూడా అందులో చేర్చాలని నా మనవి.

ప్రశ్నకర్త: బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ద్రవ్యవేగం, శక్తి వేర్వేరుగా చూడాలన్న మాట ఒక్కటే మా తరగతికి ఒక పూట పాఠం అవుతుంది. ఒక సందేహం మిగిలింది. 14.5 మి.మీ. తూటా శక్తి 12.7 తూటాకు దాదాపు రెట్టింపు, తన్ను మాత్రం ఒకటిన్నర రెట్లే. లెక్క ప్రకారం అది మంచి బేరంలా కనిపిస్తోంది. అయినా పాశ్చాత్య సైన్యాలు దానిని ఎందుకు చేపట్టలేదు?

సమాధానం: మాజీ సైనికుడు, పటమట, విజయవాడ

మాస్టారూ, మీ లెక్క సరైనదే. 14.5 మి.మీ. కేపీవీ గన్ తూటా అరకిలోమీటరు దూరాన దాదాపు 30 మి.మీ. ఉక్కును చీల్చగలదు. నాటో కూటమి వాహనాల కవచానికి పెట్టుకున్న కొలమానంలో నాలుగవ స్థాయి అంటే 200 మీటర్ల నుంచి వచ్చే 14.5 మి.మీ. కవచ భేదక తూటాను ఆపగలగడం. శత్రువు చేతిలోని ఆయుధాన్నే తమ కొలబద్దగా పెట్టుకున్నారంటే ఆ తూటాకు వారిచ్చిన గౌరవం ఎంతో ఊహించండి. మన సైన్యం కూడా ఆ గన్ బిగించిన బీఆర్‌డీఎం-2 గస్తీ వాహనాలను వాడింది. ఏడు టన్నుల బండి, 500 తూటాలు, పక్కనే 7.62 మి.మీ. గన్. మీరు ఊహించిన బండికి అది చాలా దగ్గర.

అయితే కేపీవీటీ గన్ బరువు 50 కిలోల పైన, 12.7 మి.మీ. ఎన్‌ఎస్‌వీ 25 కిలోలే. 12.7ను బండి నుంచి ఊడదీసి ఇద్దరు మనుషులు కొండ మీదికి మోసుకుపోగలరు, 14.5తో అది కాదు. పైగా సైన్యం గన్‌ను ఒక్కదానినే కొనదు, దాని తూటాల సరఫరాను కూడా కొంటుంది. తిరుచిరాపల్లి కర్మాగారంలో ట్యాంకుల కోసం 12.7 గన్ ఎలాగూ తయారవుతోంది కనుక అదే తూటా ట్యాంకుకూ, తేలికపాటి బండికీ పనికివస్తుంది. పాశ్చాత్యులు కూడా ఇలాగే ఆలోచించారు. బ్రౌనింగ్ 12.7 గన్‌తో చాలినంత పని జరిగింది, అది చాలనిచోట ఒకేసారి 25 మి.మీ. ఫిరంగికి దూకి, దానికి తగిన పన్నెండు టన్నుల ఎల్ఏవీ-25 వంటి పెద్ద బండిని తయారు చేసుకున్నారు. మధ్యలోని మెట్టు మీద ఆగవలసిన అవసరం వారికి కనిపించలేదు. ఎదుట తేలికపాటి కవచ వాహనాలు ఎక్కువగా ఉండే మైదానంలో మాత్రం నేను ఇప్పటికీ 14.5నే కోరుకుంటాను.

ఒకే బండి మీద రెండు ఆయుధాల సంగతి కూడా విద్యార్థులకు చెప్పండి. అమెరికా సైనిక పోలీసులు వాడిన ఎం1117 కవచ వాహనం టరెట్‌లో 40 మి.మీ. గ్రెనేడ్ లాంచర్, 12.7 గన్ పక్కపక్కనే ఉంటాయి. గోడ వెనుక ఉన్నవాడికి గ్రెనేడ్, గోడ దాటి పరుగెత్తేవాడికి తూటా. అది పదమూడు టన్నులు దాటిన బండి. ఆరు టన్నుల బండి యజమానికి ఆ సౌకర్యం లేదు కనుక ఆ జతను బండ్ల మధ్య పంచుకోవాలి. నాలుగు బండ్ల దళంలో రెండింటికి 12.7, ఒకదానికి గ్రెనేడ్ లాంచర్, ఒకదానికి క్షిపణి ఇస్తాను. అన్నిటికీ ఆయుధాన్ని బిగించే ఒకే రకం రింగ్, ఒకే బోల్టులు ఉండాలి. ఒక బండి చెడితే దాని ఆయుధం మరొక బండి మీదికి ఎక్కాలి.

సమాధానం: లారీ బాడీ బిల్డర్, ఆటోనగర్, విజయవాడ

ఒకే రింగ్ అన్న మాట బంగారం లాంటిది. ఒక చిన్న చేర్పు. విద్యార్థులు గురుత్వ కేంద్రం ఎత్తును పుస్తకంలోంచి తీసుకోకుండా స్వయంగా కొలవాలి. ఏదైనా జీపునో చిన్న లారీనో తీసుకొని ముందు, వెనుక ఇరుసుల బరువును వేబ్రిడ్జి మీద విడివిడిగా తూచాలి. తరువాత వెనుక ఇరుసును దిమ్మెల మీద ఒక మీటరు దాకా ఎత్తి, ముందు ఇరుసు బరువును మళ్లీ తూచాలి. పెరిగిన బరువును బట్టి ఎత్తు లెక్కకు వస్తుంది. కమాన్లు కుంగకుండా చెక్క దిమ్మెలు బిగించడం, చక్రాలకు అడ్డు పెట్టడం మరచిపోకూడదు. ఆ తరువాత పైకప్పు మీద 40 కిలోల ఇసుక బస్తా వేసి ఒకసారి, 300 కిలోలు వేసి ఒకసారి అదే కొలత తీస్తే 12.7 గన్‌కూ 30 మి.మీ. టరెట్‌కూ ఉన్న తేడా వారి చేతికే తెలుస్తుంది. ఆదివారాలు మా షెడ్డు ఖాళీగా ఉంటుంది, ఎదురుగానే వేబ్రిడ్జి ఉంది. పిల్లలను తీసుకురండి మాస్టారూ, దిమ్మెలు, జాకీలు నేను సిద్ధం చేసి ఉంచుతాను.